కాట్రిడ్జిలోంచి తీసిన బిళ్ళ

అన్నయ్య సరుకు ఓడల మీద పనిచేసేవాడు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు నాకో పాత గేమ్ యంత్రం తెచ్చాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే రకం. ఏదో రేవులో పాత సామాన్ల బజారులో కొన్నాడట. దానితోపాటు ఒక గుడ్డసంచి నిండా కాట్రిడ్జిలు. ఒక్కొక్కటీ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బీ. దాన్ని యంత్రం వెనక దూరిస్తే ఆట మొదలవుతుంది. కొన్నింటి మీద బొమ్మలు చిరిగిపోయాయి, కొన్నింటి మీద నాకు రాని లిపి ఉంది. ఆడుకోమని కాదు, విప్పి చూసుకోమనే తెచ్చాడు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పేది నేను, తన్నులు తినేది వాడు.

నేను విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఒక కాలేజీలో ల్యాబ్ చూసుకున్నాను. పాప కడుపులో పడ్డాక మానేసి, కళింగపట్నంలో అత్తవారింటికి వచ్చేశాను. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. వారంలో నాలుగు రోజులు అక్కడే గదిలో ఉంటాడు. ఆ ఇంట్లో చేపల వేటకి వెళ్ళకుండా బతుకుతున్న మొదటి మగవాడు ఆయనే. మావయ్య పోయాక పడవ అమ్మేశారు. అత్త మాత్రం ఎండుచేపల వ్యాపారం వదల్లేదు. పొద్దున్నే ఒడ్డున నెత్తళ్ళు ఆరబోసి, కాకుల్ని తోలుతూ, వచ్చేపోయేవాళ్ళందరితో తగువు పెట్టుకుంటూ ఉండేది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పాపని ఎత్తుకునేది. అప్పుడు నాకు రెండు గంటల తీరిక.

పాప పుట్టాక మొదటి ఏడాదంతా నాకు భయంతోనే గడిచింది. పాలు పొలమారితే భయం. మామూలు కంటే ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఆ కాట్రిడ్జిల ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ భయం కాసేపు పక్కకి జరిగేది. అందుకే ఆ పని పట్టుకున్నాను.

సంచిలో ఒకటి మిగతావాటిలా లేదు. ఇలాంటి పనులు చేసేవాళ్ళ గుంపులు ఇంటర్నెట్‌లో ఉంటాయి. ఏ కాట్రిడ్జిలో ఏముందో చదివి జాబితాలు రాసుకుంటారు. నేను ఫొటో పెడితే, ఇది తమ జాబితాలో లేదన్నారు. ఎవరో అనుమతి లేకుండా తయారుచేసి అమ్మిన సరుకు. లోపల చిప్ మీద నంబరు లేదు, నల్లటి జిగురు ముద్ద పోసి కప్పేశారు. దాన్ని చదవాలంటే యంత్రం అడిగినట్టే అడగాలి. చిప్‌లో ఫలానా గదిలో ఏముంది, దాని పక్క గదిలో ఏముంది అని. ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకీ కాట్రిడ్జికీ మధ్య తీగలు కలిపి, ఆ ప్రశ్నలు అడిగే ప్రోగ్రాము రాశాను. మొదట్లో వచ్చిందంతా చెత్త. పెద్ద ఆట ఒకేసారి పట్టదు కనక పుస్తకంలో పేజీల్లా భాగాలు చేసి ఉంచుతారు. ఒకచోట ఒక అంకె రాస్తే ఆ పేజీ తెరుచుకోవాలి. ఇందులో మూడు అడిగితే ఐదో పేజీ వచ్చేది, ఐదు అడిగితే మూడోది. రెండు తీగలు కావాలనే అటూ ఇటూ మార్చారని తేలడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఎక్కడో ఎవరో, ఇంకొకరి కంట పడకూడదని దాచినదాన్ని, కళింగపట్నంలో చాప మీద కూర్చుని నేను బయటికి లాగాను. ఎవరికైనా చెప్పుకోకపోతే ఆగలేననిపించి అత్తకి చెప్పాను.

"అయితే ఏటొస్తాది?" అంది, పెసలు చెరుగుతూ.

ఆమెకి ఆ సామానంటే ముందునుంచీ కిట్టదు. ఒకసారి నేల మీద పడిన సన్న తీగ ముక్కని పాప నోట్లో పెట్టుకుంటే అత్తే వేలు పెట్టి తీసింది. ఆ రోజు నన్ను తిట్టలేదు. నెమ్మదిగానే చెప్పింది, ఇంకోసారి ఇవి నేల మీద కనబడితే మొత్తం మూట కట్టి సముద్రంలో పడేస్తానని. ఆమె అన్నదంటే చేస్తుంది. నేను మాటిచ్చాను. బల్ల మీదా, కిటికీ గట్టు మీదా తప్ప ఇంకెక్కడా పెట్టనని.

ఆటని ఎక్కడ ఆపామో గుర్తుంచుకోవడానికి కాట్రిడ్జి లోపల ఒక బ్యాటరీ ఉంటుంది. రూపాయి బిళ్ళలా గుండ్రంగా, తళతళలాడుతూ ఉంటుంది. బోర్డుకి అతకడానికి దానికి అటొకటి ఇటొకటి చెవుల్లాంటి రేకు ముక్కలు ఉంటాయి. మంగళవారం మధ్యాహ్నం పాతదాన్ని పీకి కొత్తది వేశాను. పాతదాని వివరాలు అలవాటుగా నోటుపుస్తకంలో రాసుకున్నాను. అడ్డంగా ఇరవై మిల్లీమీటర్లు. రెండు పాయింట్ ఎనిమిది వోల్టులు. ఇన్నేళ్ళైనా చావలేదే అని ఆశ్చర్యపోయాను. కిటికీ గట్టు మీద, గంజి వార్చే పాత స్టీలు సిబ్బిలో, స్క్రూల పక్కన పెట్టాను.

గురువారం ఉదయం చూస్తే సిబ్బిలో స్క్రూలు మాత్రమే ఉన్నాయి.

మొదట బల్ల మీద వెతికాను. తరువాత బల్ల కింద, చాప కింద, పాప బొంత మడతల్లో వెతికాను. గచ్చు మీద చెంప ఆనించి మంచం కిందకి చూశాను. ఆ తర్వాత కిటికీని చూశాను. ఆ పాత ఇంటి కిటికీ నేలకి రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది. పాపకి పద్నాలుగు నెలలు. అప్పటికి నడవడం రాలేదు కానీ, కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడి వీధిలో మేకల్ని పిలిచేది. సిబ్బి పాప గడ్డం ఎత్తులో ఉంది. నేల మీద పెట్టనని మాటిచ్చిన నేను, కిటికీ గట్టు పాపకి అందే రోజు వచ్చిందని చూసుకోలేదు.

బుధవారం నుంచీ పాప అన్నం తినడం లేదు. చొంగ కారుస్తోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుని ఏడుస్తోంది. పన్ను వస్తోందనుకున్నాం. ఒళ్ళు వెచ్చగా ఉందని అత్త స్నానం కూడా చేయించలేదు. ఇప్పుడు ఆ ఒక్కొక్కటీ నాకు ఇంకోలా కనబడింది. ఫోనులో చదివాను. అలాంటి బిళ్ళ గొంతులో ఇరుక్కుంటే తడికి కరెంటు పారి, గంటల్లో లోపలి చర్మం కాలిపోతుందని ఉంది. పాతబడిన బ్యాటరీ కూడా కాలుస్తుందని ఉంది. పిల్లలకి ముందు కనబడే గుర్తులు చొంగ, తిండి మానేయడం, చిరాకు, జ్వరం. నాలుగోది చదివాక ఫోను పక్కన పెట్టేశాను.

ఆయనకి ఫోను చేశాను. షిఫ్టులో ఉంటే ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. అది మోగి మోగి ఆగిపోయింది.

అత్త ఒడ్డునుంచి తొందరగానే వచ్చింది. వాయుగుండం ఉందని రేవులో ప్రమాద సూచిక ఎగరేశారట, చేపలన్నీ ఎత్తి గోనెల్లో కుక్కింది. ఆమెకి నిజం చెప్పాల్సిన క్షణం అదే. నేను చెప్పలేదు. సముద్రంలో పడేస్తానన్న ఆమె మాట నాకు ఆ సమయంలో గుర్తొచ్చిందంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాప రూపాయి బిళ్ళ మింగిందేమోనని అనుమానంగా ఉంది, శ్రీకాకుళం తీసుకెళ్ళాలి అన్నాను.

అత్త నవ్వింది. "రూపాయే కదే. మీ మావ సిన్నప్పుడు పావలా మింగీసినాడంట. మూడో రోజుకి వచ్చీసినాది. మా అత్త దాన్ని కడిగి సంతలో వక్కలు కొన్నాదంట."

నేను నవ్వకపోవడం చూసి ఆమె కూడా ఆపేసింది. పాప నోరు తెరిచి చూసింది, కడుపు తడిమింది. ఆ తర్వాత బయటికెళ్ళి పక్కింటి ఆటో అతన్ని భోజనం దగ్గరనుంచి లేపుకొచ్చింది.

దారిలో అతను ఏమైందని అడుగుతూనే ఉన్నాడు. అత్త ఒక్కసారే మాట్లాడింది. "బేగి తోల్రా. కబుర్లు వచ్చినప్పుడు సెప్పుకుందాం." ఒకవైపు ఆకాశం నల్లగా దిగిపోతోంది. గాలి లేదు. సరుగుడు తోటలు కదలకుండా నిలబడి ఉన్నాయి. వర్షం రాకముందే కుప్పలు వేసుకోవాలని పొలాల్లో జనం పరుగులు పెడుతున్నారు. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నిద్రపోయిందా, మగతలో పడిందా అన్నది తెలియక, రెండు నిమిషాలకోసారి అరికాలు గిల్లాను. గిల్లిన ప్రతిసారీ కాలు లాక్కుంది. నాలుగోసారి అత్త నా చెయ్యి పట్టుకుని తీసి, తన ఒళ్ళో పెట్టుకుంది. దారంతా వదల్లేదు. నేను దాచినది తెలిస్తే ఈ చెయ్యి ఏం చేస్తుందో అని మాత్రం అనుకున్నాను.

శ్రీకాకుళంలో ఒక పిల్లల ఆసుపత్రి. డాక్టరు నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో. అత్తకి అర్థం కాకూడదని నేను గొంతు తగ్గించి, ఇంగ్లీషులో చెప్పాను, అది బ్యాటరీ అని. ఆయన రాయడం ఆపి తలెత్తాడు. ఎప్పుడు మింగిందని అడిగాడు. తెలియదన్నాను. మంగళవారం మధ్యాహ్నానికీ గురువారం ఉదయానికీ మధ్య ఎప్పుడైనా కావచ్చు. ఎంత సైజని అడిగాడు, చెప్పాను. కొత్తదా పాతదా అంటే, పాతదే కానీ రెండు పాయింట్ ఎనిమిది వోల్టులు ఉందన్నాను. ఆయన కాసేపు నా వంక చూశాడు. బ్యాటరీలో ఎంత మిగిలిందో దశాంశంతో సహా తెలిసిన తల్లికి, అది బిడ్డ చేతికి ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. ఆయన ఆ మాట అనలేదు. వెంటనే ఎక్స్‌రే తీయించమన్నాడు.

ఎక్స్‌రే గది ఆసుపత్రి వెనకాల. ఒంటి మీద వెండీ బంగారం ఏమున్నా తీసేయమన్నాడు అక్కడి మనిషి. కాళ్ళ పట్టీలు తీశాను, చేతి గాజులు తీశాను, గౌను విప్పాను. నడుముకి నల్లతాడు, దానికి చిన్న నల్లగుడ్డ మూట ఉన్నాయి. దిష్టి తగలకుండా పుట్టిన పదకొండో రోజున అత్త కట్టింది అది. గుడ్డే కదా అని వదిలేశాను. పాపని బల్ల మీద పడుకోబెట్టి, చేతులు పైకి పట్టుకున్నాను. పాప నా మొహంలోకి చూస్తూ గుక్కపట్టింది.

ఫిలిం ఇంకా తడిగానే ఉంది. డాక్టరు దాన్ని లైటు పెట్టెకి తగిలించాడు. చేపముల్లులా సన్నటి పక్కటెముకలు, వాటి కింద బూడిదరంగు కడుపు. గొంతులో ఏమీ లేదు. ఆ ఒక్క క్షణం ఊపిరి వదిలాను. తర్వాత కిందికి చూశాను. బొడ్డుకి కుడిపక్కన, గుండ్రంగా, తెల్లగా ఉంది బిళ్ళ. అంచు లోపల ఇంకో సన్నటి గీత. రెండు చెవులు, ఒకటి నిటారుగా, ఒకటి వంగి. నేను పీకేటప్పుడు వంచిన చెవి అది.

డాక్టరు కూడా ఇంగ్లీషులోనే, నెమ్మదిగా మాట్లాడాడు. పొట్ట దాటి పేగుల్లోకి వెళ్ళినట్టుంది, మామూలు బిళ్ళయితే బయటికి వచ్చేదాకా ఆగి చూడొచ్చు, కానీ దీనికి రేకు అంచులున్నాయి, పేగుకి గుచ్చుకోవచ్చు, అక్కడే నిలబడి కాల్చొచ్చు. విశాఖపట్నం తీసుకెళ్ళాలి, ఆపరేషన్ అవసరమైతే అక్కడే చేస్తారు అన్నాడు. వెంటనే బయల్దేరమని, ఉత్తరం రాయడానికి కాగితం తీశాడు. పాపకి ఏమీ పట్టకూడదు, పాలు కూడా వద్దన్నాడు. అప్పటికే పాప నా జాకెట్టు లాగుతోంది.

అత్త గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. డాక్టరు రాసుకుంటుంటే లైటు పెట్టె దగ్గరికి వెళ్ళింది. ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఇదేటే, దీనికి సెవులున్నాయి?"

నేను పాప చేతిని జాకెట్టు మీదనుంచి తప్పించాను.

"రూపాయికి సెవులుంటాయా? నువ్వే సెప్పు. సదూకున్నదానివి."

అప్పుడు చెప్పాను. రూపాయి కాదని, కాట్రిడ్జిలోంచి తీసిన బిళ్ళని, కిటికీ దగ్గర పెట్టానని, నీకు భయపడి చెప్పలేదని. తిడుతుందనుకున్నాను. కొట్టినా ఒప్పుకునేదాన్ని. ఆమె నా మాట సగంలోనే వినడం మానేసింది. ఆమె కళ్ళు ఫిలిం మీద నుంచి పాప నడుం మీదకి, అక్కడినుంచి మళ్ళీ ఫిలిం మీదకి తిరిగాయి.

"కిటికీ గట్టు మీద, సిబ్బిలో ఉన్నాదే, అదా?"

అదే అన్నాను.

అత్త కుర్చీలో కూర్చుంది. పాపని నా చేతుల్లోంచి తీసుకుని తన మోకాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. రెండు వేళ్ళతో నల్లతాడు పట్టుకుని అలాగే ఉండిపోయింది. డాక్టరు ఉత్తరం రాయడం పూర్తి చేసి, సంతకం పెట్టి, మడత పెట్టేంతసేపు. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఎవరినో అడుగుతున్నట్టు, జవాబు రానట్టు ఉంది.

"మా గుంట కడుపులో ఏటీ నేదు బాబూ" అంది డాక్టరుతో. వంగి, ఆ మూట కుట్టుని పళ్ళతో కొరికింది.

మూట తడిగా ఉంది. లోపలనుంచి వస కొమ్ము ముక్క ఒకటి, కరిగిపోగా మిగిలిన ఉప్పు కల్లు రెండు, వాటితోపాటు ఆ బిళ్ళ ఆమె అరచేతిలో పడ్డాయి. తళతళలాడిన బిళ్ళ ఒకవైపు నల్లబడి, అంచు వెంట పచ్చగా పొంగి ఉంది. డాక్టరు లేచి వచ్చాడు. మూట ఉన్నచోట తాడు పక్కకి జరిపాడు. పాప అంతకుముందు ఎప్పుడూ ఏడవని గొంతుతో ఏడ్చింది. బొడ్డుకి కుడిపక్కన చర్మం చుట్టూ ఎర్రగా ఉబ్బి, మధ్యలో బూడిదరంగుకి తిరిగి ఉంది. మధ్యలో నొక్కితే పాప ఏడవలేదు. ఏడవకపోవడమే మంచిది కాదన్నాడు ఆయన.

ఉప్పు, చెమట, తడిగుడ్డ, రెండు పాయింట్ ఎనిమిది వోల్టులు. దాని అర్థం ఆ గదిలో డాక్టరు కంటే ముందు నాకే తెలిసింది. ల్యాబ్‌లో పిల్లలకి గాజు గ్లాసులో చేసి చూపించిన పాఠమే అది. నా కూతురి పొట్ట మీద దాదాపు రెండు రోజులు జరిగింది.

నర్సు పుండు కడుగుతుంటే, ఆ గది బయట బెంచీ మీద అత్త నాకు చెప్పింది. గొంతు తగ్గించి, గోడకేసి చూస్తూ. వాళ్ళింట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆ మూటలో ఒక లోహం ముక్క కడతారట. మామూలు లోహం పనికిరాదు. సముద్రం మీదకి వెళ్ళి, చెడకుండా తిరిగొచ్చినదై ఉండాలి. మా ఆయనకి కట్టింది పడవ లంగరు నుంచి విరిగిన ముక్క. దాన్ని సముద్రపు ఉప్పుతో కలిపి కుడతారు. లోపల ఏముందో కన్నతల్లికి కూడా చెప్పకూడదు. బిడ్డ తనంతట తాను నడిచేదాకా విప్పకూడదు. విప్పితే, చెప్పితే, ఆ కాపు పోతుంది.

పాప పుట్టేనాటికి పడవ లేదు. అత్త ఏడాదిపాటు వస, ఉప్పు మాత్రమే పెట్టి కట్టిందట, మనసులో ఎప్పుడూ కొరతగానే ఉండేదట. మంగళవారం సాయంత్రం పాత మూట చిరిగిపోయి, కొత్తది కుడుతుంటే, సిబ్బిలో ఆ బిళ్ళ కనబడింది. మా అన్న ఓడలో తెచ్చిన సంచిలోదని ఆమెకి తెలుసు. ఎన్ని సముద్రాలు దాటొచ్చిందో. దారం దూర్చడానికి చెవులు కూడా ఉన్నాయి. నేను స్క్రూలతో పాటు పడేశాను కనక నాకు అక్కర్లేనిదే అనుకుంది.

"నువ్వు బిళ్ళ పోనాదని ఒక్క మాట అనుంటే, కట్టు తెంపీసి నీ సేతిలో ఎట్టీసేదాన్ని" అంది.

ఏం కట్టావో నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే అని నా నోటిదాకా వచ్చింది. ఆమె ఖాళీ మూట గుడ్డని మడిచి మళ్ళీ విప్పుతోంది. అనలేదు.

మూట తీసేశాక ఇంకోసారి ఎక్స్‌రే తీశారు. ఫిలిం ఆరేదాకా నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మూటలో ఉన్నది నేను వెతుకుతున్న బిళ్ళే అని కళ్ళారా చూశాను, అయినా ఆ రెండో ఫిలింలో ఇంకేదో ఉంటుందని గట్టిగా నమ్మాను. ఏమీ లేదు. బూడిదరంగు కడుపు, అందులో పాలు తాగని ఖాళీ. విశాఖపట్నం అక్కర్లేదన్నాడు డాక్టరు. పుండు మాత్రం పైకి కనబడేదానికంటే లోతుగా ఉండొచ్చని, ఇలాంటి కాలిన గాయాలు రెండు మూడు రోజుల తర్వాత కూడా లోపలికి దిగుతాయని, రోజూ వచ్చి చూపించమని చెప్పాడు. నడుముకి ఏమీ కట్టకూడదన్నాడు. అత్త తలూపింది. నల్లతాడు మడిచి బొడ్డులో దోపుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు వర్షం మొదలైంది. ఆటో అతను రెండువైపులా పరదాలు దించాడు. పాప పాలు తాగి, ఈసారి నిజంగానే నిద్రపోయింది. సగం దారిలో అత్త నా చెవి దగ్గరికి వంగింది.

"ఆడికి సెప్పకు."

మా ఆయన సంగతి. ఆయనకి కోపం వస్తే ఒకరోజుతో పోదు. ఎవరి మీద కోపం రావాలో తేల్చుకునేదాకా ఇద్దరినీ తింటాడు. తల్లి మూఢనమ్మకమన్నా అనాలి, పెళ్ళాం నిర్లక్ష్యమన్నా అనాలి. రెండూ నిజమే. చెప్పనన్నాను. ఒకరి దగ్గర ఒకరం దాచుకుని పాపని ఎక్కడిదాకా తీసుకెళ్ళామో గంట కిందటే చూశాం. ఆ తడి ఇంకా ఆరకముందే, ఇద్దరం కలిసి మూడో మనిషి దగ్గర దాచడానికి ఒప్పేసుకున్నాం. ఆ పూట అది నాకు వింతగా కూడా అనిపించలేదు. ఆసరాగా అనిపించింది.

ఆ రాత్రి ఆయన తిరిగి ఫోను చేస్తే ఊరికే చేశానన్నాను. ఆయన ఆదివారం వచ్చాడు. పట్టీ చూసి ఏమైందన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్త, వేడి సిబ్బి తగిలిందని చెప్పేసింది. జాగ్రత్తగా ఉండాలి కదా అని నన్నే అన్నాడు. నేను అన్నం వడ్డించాను.

పుండు మూడో రోజు లోపలికి దిగింది, డాక్టరు అన్నట్టే. తర్వాత నెమ్మదిగా మానింది. నెల రోజులు పట్టింది. ఆ నెలా, ఆ తర్వాత రెండు నెలలూ అత్త పాపని కింద దించలేదు. చేపల దగ్గరికీ, నూతి దగ్గరికీ, సంతకీ చంకలోనే తిప్పింది. నడవక ముందే మూట విప్పింది కనక, పాప ఒంటికి కాపు లేదని ఆమె నమ్మకం. నేల తగిలితే పిల్లలకి నడక వస్తుంది, దించమని నేను చెప్పొచ్చు. రెండుసార్లు చెప్పబోయి ఆగిపోయాను. అవన్నీ నమ్మని నేను, రేవులో సూచిక నంబరు పెరిగిన రోజున, పాప అత్త చంకలో ఉందా లేదా అని చూసుకునేదాన్ని.

నేను ఆ కాట్రిడ్జిని పూర్తిగా చదివేశాను. గుంపువాళ్ళు మెచ్చుకున్నారు. ఆ తర్వాత బ్యాటరీ ఉన్నవేవీ విప్పలేదు. సామానంతా తాళం వేసే పెట్టెలోకి వెళ్ళింది. తాళంచెవి అత్త దగ్గర ఉంటుంది. నేను అడిగితే ఎందుకని అడగకుండా ఇస్తుంది. పని అయ్యాక లోపల ఎన్ని వస్తువులున్నాయో ఇద్దరం చూసుకున్నాకే మూస్తాం.

మచ్చ మిగిలింది. పాపకి ఇప్పుడు నాలుగో ఏడు. మొన్న స్నానం చేయిస్తుంటే దాని మీద వేలు పెట్టి అడిగింది.

"అమ్మా, ఇదేటి?"

దోమ కుట్టి పుండయిందని చెప్పాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. పాప నా వంక చూసింది.

"నాయనమ్మ అలా సెప్పనేదు. సముద్రం ముద్దెట్టుకున్నాదని సెప్పింది. నాన్నేమో సిబ్బి తగిలిందన్నాడు."

నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఏది నిజమని అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే చెప్పేసేదాన్నేమో. ఆ అర నిమిషంలో అయితే చెప్పేసేదాన్ని. పాప అడగలేదు. ఒళ్ళు తుడిచాక గౌను తనే తొడుక్కుంది. మచ్చ కనబడకుండా కిందికి లాక్కుని, వాకిట్లోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.